తక్కువ కాండో ఫీజు నిజంగా తక్కువేనా: మిసిసాగాలో ఒక కొనుగోలు పరిశీలన

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో స్థిరాస్తి కొనుగోలు వ్యవహారాలు చూసే న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామందికి మొదటి సొంత ఇల్లు కాండోనే, అంటే ఉమ్మడి భవనంలో సొంతానికి కొనుక్కునే ఫ్లాటు. ధర, వడ్డీ రేటు, పిల్లల స్కూలు, గో రైలు స్టేషన్ ఎంత దూరం వంటి విషయాలను వారు ఎంతో శ్రద్ధగా విచారించి వస్తారు గానీ, నెలనెలా కట్టవలసిన కాండో ఫీజు దగ్గరకు వచ్చేసరికి అది ఎక్కువా తక్కువా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతారు. ఆ భవనం అవసరాలకు ఆ ఫీజు సరిపోతోందా అన్నది అసలు అడగవలసిన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఎంత దూరం ఉందో ఒక కొనుగోలు ద్వారా చూపించడానికే ఇది రాస్తున్నాను. కుటుంబాన్ని గానీ, భవనాలను గానీ ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అంకెలను కూడా వాటి మధ్య నిష్పత్తి చెడకుండా సర్దాను. ఇక్కడ చెప్పిన డాలర్లన్నీ కెనడా డాలర్లు.

కొనుగోలుదారులు, వారి లెక్క

భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఒక గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటులో ఉండి వచ్చినవారు కాబట్టి చదరపు అడుగుకు ఇంత అని నెలనెలా మెయింటెనెన్స్ కట్టడం, ఫ్లాటు చేతికి వచ్చేటప్పుడు కార్పస్ ఫండ్ పేరుతో ఒకేసారి కొంత మొత్తం ఇవ్వడం వారికి బాగా తెలుసు. టొరంటో పక్కనున్న మిసిసాగాలో వారికి రెండు కాండోలు నచ్చాయి. మొదటిది 1980ల చివర కట్టిన భవనంలో 940 చదరపు అడుగుల రెండు పడకగదుల యూనిట్. ధర 5,60,000, నెల ఫీజు 890 డాలర్లు. రెండోది 2000ల మొదట్లో కట్టిన భవనంలో 800 చదరపు అడుగుల యూనిట్. ధర 5,85,000, నెల ఫీజు 520 డాలర్లు. రెండోది కొత్తగా కనిపిస్తుంది, లాబీ అందంగా ఉంది, స్టేషన్‌కు దగ్గర.

ఫీజుల మధ్య తేడా నెలకు 370 డాలర్లు. వారు దానిని ఏడాదికి 4,440 అని, ఇరవై ఐదేళ్లకు 1,11,000 అని లెక్క కట్టుకుని, రెండో యూనిట్‌కు ఆఫర్ కూడా పెట్టేశారు. వారి రియల్టర్ ఆ ఆఫర్‌లో, యూనిట్ బకాయిలు, భవనం ఆర్థిక పరిస్థితి తెలిపే స్టేటస్ సర్టిఫికెట్‌ను న్యాయవాది పరిశీలించి తృప్తి చెందాలన్న షరతు పెట్టడం వారికి చేసిన పెద్ద మేలు. బిల్డరు దగ్గర కొత్త కాండో కొనేవారికి ఒప్పందం రద్దు చేసుకోవడానికి ఒంటారియో చట్టం పది రోజుల గడువు ఇస్తుంది. పాత యజమాని నుంచి కొనేవారికి అటువంటి గడువు చట్టంలో లేదు. ఆఫర్‌లో రాసుకున్న షరతే వారికి రక్షణ.

“నెలకు 370 డాలర్లు మిగులుతుంటే ఇంకేం ఆలోచించాలండీ?” అని భర్త ఫోనులో అడిగారు. అది సహేతుకమైన ప్రశ్నే, దానికి కాగితాల మీదే జవాబు ఇవ్వాలి. అందుకని మొదటి భవనం కాగితాలు కూడా తెప్పించమని సూచించాను. యజమానులందరి తరఫున భవనాన్ని నడిపే కాండో కార్పొరేషన్ స్టేటస్ సర్టిఫికెట్‌కు పన్నులతో కలిపి 100 డాలర్లకు మించి తీసుకోకూడదు, అడిగి రుసుము చెల్లించిన పది రోజుల్లోగా ఇవ్వాలి. ఐదు లక్షలు దాటిన కొనుగోలులో ఆ వంద డాలర్లకు వెనకాడవద్దని నేను అందరికీ చెబుతాను.

ఫీజు లోపల ఏముంది

కాండో ఫీజు రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒక భాగం ఈ ఏడాది భవనం నడవడానికి ఖర్చవుతుంది: మేనేజ్‌మెంట్ కంపెనీకి ఇచ్చేది, సెక్యూరిటీ, శుభ్రత, లిఫ్టుల నిర్వహణ, చలికాలంలో మంచు తీయించడం, భవనం బీమా, ఉమ్మడి స్థలాల కరెంటు, నీళ్లు. రెండో భాగం రిజర్వ్ ఫండ్‌లోకి వెళుతుంది. ఒంటారియో కాండోమినియం చట్టం, 1998 ప్రకారం ఆ నిధిని ఉమ్మడి ఆస్తుల పెద్ద మరమ్మతులకు, మార్పిడికి మాత్రమే వాడాలి. పైకప్పు, బాయిలర్లు, లిఫ్టులు, కిటికీలు, భూగర్భ గ్యారేజీ వంటివి ఏదో ఒకనాడు మార్చక తప్పదు కాబట్టి, వాటి ఖర్చును ఆ భవనంలో నివసించిన సంవత్సరాలన్నిటి మీదా పంచడమే దీని ఉద్దేశం. ఆస్తి పన్ను ఈ ఫీజులో ఉండదు, అది నగరపాలికకు విడిగా కట్టుకోవాలి.

హైదరాబాద్ అనుభవం వీరిని తప్పుదారి పట్టించింది ఇక్కడే. అక్కడి కార్పస్ ఫండ్ మామూలుగా ఒకసారి ఇచ్చే మొత్తం. నెల మెయింటెనెన్స్ ఆ నెల ఖర్చులకు సరిపోతే చాలన్న భావన దానివల్ల ఏర్పడుతుంది. ఒంటారియోలో నెల ఫీజులోనే భవిష్యత్తు భాగం కలిసి ఉంటుంది, అది ఎంత ఉండాలో ఊహ మీద వదలలేదు. మూడేళ్లకొకసారి ఇంజినీర్లు లేదా చట్టం గుర్తించిన నిపుణులు రిజర్వ్ ఫండ్ అధ్యయనం చేసి, కనీసం ముప్పై ఏళ్ల కాలానికి ఏ భాగం ఎప్పుడు మార్చాలో, దానికి ఎంత అవుతుందో, ఏటా ఎంత పోగుచేయాలో అంచనా ఇవ్వాలి. ఆ తర్వాత కార్పొరేషన్ బోర్డు తన నిధుల ప్రణాళికను యజమానులకు నోటీసుగా పంపాలి. బోర్డు ప్రణాళిక అధ్యయనానికి ఎక్కడ భిన్నంగా ఉందో ఆ నోటీసులోనే చెప్పాలి. నేను స్టేటస్ సర్టిఫికెట్ కట్టలో మొదట వెతికే కాగితం అదే.

ఇప్పుడు ఆ 370 డాలర్ల తేడాను విప్పి చూద్దాం. మొదటి భవనం 890లో హీటింగ్, నీళ్లు, ఇక్కడ అందరూ హైడ్రో అనే కరెంటు బిల్లు అన్నీ కలిసి ఉన్నాయి. రెండో భవనం 520లో నీళ్లు మాత్రమే ఉన్నాయి. హీటింగ్‌కు, హైడ్రోకు యూనిట్‌కు వేరే మీటర్లు. అమ్మేవారి గత పన్నెండు నెలల బిల్లులు అడిగి తెప్పిస్తే సగటు నెలకు 150 డాలర్లు తేలింది. అక్కడికి తేడా 220కి తగ్గింది.

తర్వాత రెండు బడ్జెట్‌లలో రిజర్వ్ వాటా చూశాను. మొదటి భవనం తన మొత్తం వసూళ్లలో 31 శాతం రిజర్వ్‌లో వేస్తోంది, అంటే 890లో సుమారు 276 డాలర్లు. రెండో భవనం 12 శాతం వేస్తోంది, అంటే 520లో 62 డాలర్లు. తేడా 214. ఈ రెండు సంగతులూ తీసివేస్తే, భవనాలను నడిపే ఖర్చులో నెలకు మిగిలే తేడా ఆరు డాలర్లు! కొనుగోలుదారులు పొదుపు అనుకున్న దానిలో పెద్ద భాగం, ఆ భవనం తన రేపటి కోసం పక్కన పెట్టకుండా మానేసిన డబ్బు. పశువుకు మేత తగ్గించి ఖర్చు మిగిలిందనుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

శాతం ఒక్కటే చూసి భవనాన్ని తీర్పు తీర్చకూడదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. నమోదైన కొత్త భవనాల్లో మొదటి అధ్యయనం పూర్తయ్యేదాకా బడ్జెట్‌లో కనీసం పది శాతం రిజర్వ్‌కు వేస్తే చట్టానికి సరిపోతుంది కనుక వాటి ఫీజులు తొలి ఏడాది తక్కువగా కనిపిస్తాయి, అధ్యయనం రాగానే పెరుగుతాయి. ఇరవై ఏళ్లు దాటిన భవనం ఇంకా 12 శాతం దగ్గరే ఉండడమే నన్ను ఆపింది.

స్టేటస్ సర్టిఫికెట్‌లో ఒక వాక్యం

రెండో భవనం కాగితాల్లో బకాయిలు లేవు, కోర్టు వ్యాజ్యాలు లేవు, ఆడిట్ నివేదిక శుభ్రంగా ఉంది. యూనిట్ ఉమ్మడి ఖర్చులు పెరగడానికి దారితీసే పరిస్థితులేవీ కార్పొరేషన్‌కు తెలియవని చెప్పే వాక్యం ప్రతి సర్టిఫికెట్‌లోనూ ఉంటుంది, మినహాయింపులుంటే దాని కిందే రాయాలి. ఇక్కడ ఆ మినహాయింపు ఒక్క వరుస: గ్యారేజీ వాటర్‌ప్రూఫింగ్ పనికి నిధులు ఎలా సమకూర్చాలో బోర్డు పరిశీలిస్తోంది. సర్టిఫికెట్‌లోని సమాచారాన్ని నమ్మి కొన్నవారి విషయంలో ఆ సమాచారానికి కార్పొరేషన్ కట్టుబడి ఉండాలి కనుక, ఇటువంటి వరుసలను మేనేజర్లు ఆచితూచి రాస్తారు. ముక్తసరిగా ఉన్నదని వదిలేయకూడదు.

కెనడాలో భూగర్భ గ్యారేజీ మరమ్మతు ఎందుకంత ఖరీదో కొత్తగా వచ్చినవారికి చెప్పవలసి వస్తుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లిన ఉప్పు, కార్లకు అంటుకున్న మంచుతో పాటు గ్యారేజీలోకి వస్తుంది. ఆ ఉప్పునీరు నేల మీది జలనిరోధక పొరలో ఎక్కడ పగులుంటే అక్కడ కాంక్రీటులోకి దిగి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి పైన కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. పొరను వేళకు మార్చితే అది పొర ఖర్చుతో పోతుంది. ఆలస్యమైతే కాంక్రీటు చెక్కి, ఊచలు బాగుచేసి, మళ్లీ పోసి, అప్పుడు పొర వేయాలి.

అధ్యయనం ప్రకారం రాబోయే ఐదేళ్లలో ఆ భవనానికి గ్యారేజీకి 14 లక్షలు, లిఫ్టులకు 7,50,000, బాయిలర్లకు 4 లక్షలు, మొత్తం 25,50,000 డాలర్లు కావాలి. చేతిలో ఉన్న రిజర్వ్ 5,80,000. ఏడాదికి వేస్తున్నది 1,64,000, అంటే ఐదేళ్లకు 8,20,000. వడ్డీ, ధరల పెరుగుదల పక్కన పెట్టినా 11,50,000 డాలర్ల లోటు. అధ్యయనం చేసినవారు ఏటా 4,20,000 వేయమని సూచించారు; బోర్డు మాత్రం ఫీజు ఒక్కసారిగా పెంచితే యజమానులకు భారమని ఏటా కొద్దికొద్దిగా పెంచే ప్రణాళిక ఎంచుకుని, తేడాను నోటీసులో రాసింది. దాచలేదు. ఆ కాగితం అమ్మేవారి దగ్గర కూడా ఎక్కడో సొరుగులో ఉండే ఉంటుంది.

కాండోను స్థాపించిన పత్రమైన డిక్లరేషన్‌లోని డి షెడ్యూల్ ప్రకారం ఈ రెండో యూనిట్ ఉమ్మడి ఖర్చుల వాటా 0.4555 శాతం. లోటులో ఆ వాటా దాదాపు 5,240 డాలర్లు. అధ్యయనం సూచించినట్టు ఫీజు పెంచి ఉంటే నెలకు మరో 97 డాలర్లు పడేది. అంటే ఈ యూనిట్ నిజమైన నెల ఖర్చు 520 ఫీజు, 150 బిల్లులు, 97 వాయిదా పడిన రిజర్వ్ కలిపి 767 డాలర్లు. చదరపు అడుగుకు చూస్తే 96 సెంట్లు. మొదటి భవనంలో 95 సెంట్లు. ఈ అంకెలు పక్కపక్కన రాసి పంపినప్పుడు ఆయన భార్య ఫోను చేసి, “అయితే మేము చూసిన తేడా ఏమైపోయిందండీ?” అని అడిగారు. తేడా ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు కట్టడానికి బదులు తర్వాత కట్టాలి అని చెప్పాను.

లోటు ఏర్పడితే బోర్డు స్పెషల్ అసెస్‌మెంట్, అంటే నెల ఫీజుకు అదనంగా యజమానుల నుంచి చేసే వసూలు, వేస్తుంది. దానికి యజమానుల ఓటు అక్కరలేదు. అద్దెల పెంపుకు ఉన్నట్టు కాండో ఫీజు పెంపుకు ప్రభుత్వం పెట్టిన పరిమితి కూడా లేదు. కట్టకపోతే కార్పొరేషన్‌కు యూనిట్ మీద చట్టపరమైన తాకట్టు హక్కు పుడుతుంది, గడువులోగా నమోదు చేస్తే అది బ్యాంకు మార్ట్‌గేజ్ కంటే కూడా ముందు వరుసలో నిలుస్తుంది. స్విమ్మింగ్ పూల్ మేము వాడము కదా, ఆ మేరకు తగ్గిస్తారా అని చాలామంది అడుగుతారు. ఉమ్మడి వసతులను వాడుకోనని ప్రకటించినా యజమాని వాటా కట్టే బాధ్యత నుంచి తప్పించుకోలేడని చట్టంలోనే ఉంది.

తక్కువ ఫీజును గొప్పగా చెప్పుకునే బోర్డులను చూసినప్పుడల్లా నాకు ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ గుర్తుకు వస్తుంది. అక్కడ 1981లో కట్టిన పన్నెండు అంతస్తుల చాంప్లేన్ టవర్స్ సౌత్ భవనం 2021 జూన్ 24న కొంత భాగం కూలి 98 మంది చనిపోయారు. పెద్ద మరమ్మతులు అవసరమని ఇంజినీరు 2018లోనే నివేదిక ఇచ్చినా, కోటిన్నర అమెరికా డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్‌కు ఆమోదం వచ్చింది 2021 ఏప్రిల్‌లో. అది వేరే దేశం, వేరే చట్టం. కూలడానికి ఫీజు ఒక్కటే కారణమని నేను అనడం లేదు. మరమ్మతు వాయిదా వేయడంలో పోయేది డబ్బు మాత్రమే కాదన్నంత వరకే నేను దాని నుంచి గ్రహించాను. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా తన చట్టాన్ని మార్చి, మూడు అంతస్తులు, అంతకు మించిన కాండోలకు నిర్మాణ భద్రత రిజర్వ్‌ను తప్పనిసరి చేసింది.

బీమా గురించి కొద్దిగా. రెండో భవనంలో నీటి నష్టాల క్లెయిములు పెరిగి, బీమా కంపెనీ ప్రతి ఘటనకు తాను చెల్లించకుండా మినహాయించే మొత్తాన్ని (డిడక్టిబుల్) 50,000 డాలర్లకు పెంచింది. యజమాని చర్య వల్ల గానీ అలక్ష్యం వల్ల గానీ అతని యూనిట్‌కు నష్టం జరిగితే ఆ మినహాయింపు మేరకు ఖర్చు అతని ఉమ్మడి ఖర్చులకే చేరుతుంది. కార్పొరేషన్ బీమా ఉంది కదా అని ఊరుకోకుండా, ఆ మొత్తాన్ని భరించే సొంత కాండో పాలసీ తీసుకోమని చెప్పాను. వారు తీసుకున్నారు.

బ్యాంకు లెక్క

మొదటి భవనానికి మొగ్గు చూపడంలో నిజమైన అడ్డంకి ఒకటి ఉంది, దానిని తక్కువ చేసి చెప్పను. ఆదాయంలో ఇంటి ఖర్చు వాటా లెక్క కట్టేటప్పుడు రుణదాతలు అసలు, వడ్డీ, ఆస్తి పన్ను, హీటింగ్‌తో పాటు కాండో ఫీజులో సగం కలుపుతారు. ప్రభుత్వ గృహరుణ బీమా సంస్థ సీఎంహెచ్‌సీ బీమా ఉన్న రుణానికి ఈ వాటా 39 శాతం దాటకూడదు. 890లో సగం 445, 520లో సగం 260. ఆ 185 డాలర్ల తేడా, అర్హత పరీక్షకు 6.5 శాతం వడ్డీ, ఇరవై ఐదేళ్ల వాయిదాలు తీసుకుంటే, దొరికే రుణాన్ని సుమారు 27,000 డాలర్లు తగ్గిస్తుంది. రుణం అంచు మీద ఉన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. బ్యాంకు లెక్క ఫీజు తగినంత ఉందా లేదా అన్నది చూడదు. పొదుపు చేసే భవనంలో కొనేవారికి తక్కువ రుణం, చేయని భవనంలో కొనేవారికి ఎక్కువ రుణం ఇచ్చే ఈ పద్ధతి నాకు సమంజసంగా తోచదు. అయితే మొదటి భవనం ఫీజులో హీటింగ్ కూడా ఉంది కాబట్టి, ఆ సంగతి చూపే బడ్జెట్ కాగితం మార్ట్‌గేజ్ బ్రోకర్‌కు పంపించాలి. లేకపోతే హీటింగ్ రెండుసార్లు లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. పంపాక ఆ తేడాలో కొంత తగ్గింది, ఈ దంపతులకు రెండిటికీ అర్హత వచ్చింది.

నిర్ణయం, తర్వాత జరిగింది

నా అభిప్రాయం అడిగారు. న్యాయవాది పని కాగితాలు చెప్పేది వివరించడం వరకేనని చెప్పి, అడిగారు కాబట్టి, నేనైతే మొదటి భవనం వైపు చూస్తానని అన్నాను. అక్కడ లిఫ్టులు, కిటికీలు, పైకప్పు అప్పటికే మార్చారు. రిజర్వ్‌లో 31 లక్షల డాలర్లు ఉన్నాయి. బోర్డు ప్రణాళిక అధ్యయనం సూచించిన అంకెలను తు.చ. తప్పకుండా అనుసరిస్తోంది. పాత భవనం అంటే భయపడేవారు గమనించవలసింది ఇదే: మొదటి తరం పెద్ద మార్పిడులు పూర్తిచేసి, నిధి నిలుపుకున్న భవనం, ఆ ఖర్చులు ఇంకా ముందున్న నడివయసు భవనం కంటే చాలాసార్లు క్షేమం.

వారు రెండో యూనిట్‌నే ఎంచుకున్నారు. ఆమె ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్లాలి, పాపకు స్కూలు నడక దూరంలో ఉంది, ఆ రెండూ వారికి ముఖ్యం. తెలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి నాకు అందులో అభ్యంతరం లేదు, ఇక షరతులు బిగించడమే నా పని. అధ్యయనం సారాంశాన్ని, ఆ మినహాయింపు వాక్యాన్ని చూపి రియల్టర్ 12,000 తగ్గించమని అడిగారు. అమ్మేవారు 7,000 తగ్గించారు. క్లోజింగ్ (యూనిట్ కొనుగోలుదారుల పేరుకు మారే రోజు) లోపు వేసిన ఏ స్పెషల్ అసెస్‌మెంట్ అయినా అమ్మేవారే కట్టాలన్న నిబంధన ఒప్పందంలో చేర్చాం. క్లోజింగ్‌కు ముందు తాజా సర్టిఫికెట్ మళ్లీ తెప్పించి, మొదటి దాని తర్వాత ఏమీ మారలేదని చూసుకున్నాం. ధర తగ్గింపు చేతికి నగదుగా రాదని, రుణం ఆ మేరకు తగ్గడం వరకేనని కూడా విడమరచి చెప్పాను. అందుకని నెలకు 150 డాలర్లు వేరే ఖాతాలో వేసుకోమని సూచించాను.

క్లోజింగ్ అయిన తర్వాతి సంవత్సరం బోర్డు గ్యారేజీ పనికి 8 లక్షల డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ వేసింది. క్లోజింగ్ తర్వాత వేసినది కాబట్టి అది కొనుగోలుదారుల మీదే పడింది: వారి వాటా 3,644 డాలర్లు, రెండు వాయిదాలు. అదే బడ్జెట్‌లో నెల ఫీజు 14 శాతం పెరిగి 593 అయింది. విడిగా వేసుకున్న ఖాతా నుంచి మొదటి వాయిదా కట్టారు, రెండోదానికి కొద్దిగా చేతి డబ్బు కలిపారు. అదే అంతస్తులో కొత్తగా వచ్చిన మరో కుటుంబం, స్టేటస్ సర్టిఫికెట్ షరతు లేకుండా పోటీలో ఆఫర్ గెలిచినవారు, ఆ నోటీసు అందుకున్నాక నా దగ్గరకు వచ్చి, దీనిని పాత యజమాని నుంచి రాబట్టే మార్గం ఉందా అని అడిగారు. వారి ఒప్పందంలో దానికి ఆధారమైన నిబంధన ఏదీ లేదు. వాయిదాల గడువు కొంత పొడిగించమని బోర్డుకు ఉత్తరం రాసి ఇవ్వడం వరకే నేను చేయగలిగాను.